ఏడు చేపల కథ – మన పిల్లలు



మన కర్నూలు, కడప సీమలో ముస్లిం పిల్లలకు ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు. కథలు రెండింటా ఉన్నాయి.

ఏడు చేపల కథనే తీసుకుందాం. 7 చేపల్లో ఒకటి ఎండలేదు. ఎందుకని అడిగితే గడ్డిమోపు అడ్డమంది. గడ్డి ఆవుమీద, ఆవు గొల్లవానిమీద చెప్పింది. అడగ్గా అడగ్గా చీమ దాకా పోయింది. ఎవరో ఒకరిమీద నేరం మోపి ఊరుకోకుండా, మూలం కనుక్కోమని ఆ కథ నేర్పుతుంది.

బీబీ నాంచారమ్మ కథ సరేసరి. వేంకటేశ్వరుణ్ణి వరించిన ముస్లిం ఆడబిడ్డగా జనం ఆమెను చెప్పుకుంటారు. ఉగాదినాడు దేవుని కడప గుడికి మనవాళ్లు పోయేది ఆ చుట్టరికంతోనే. పొరుగువాడు పరాయివాడు కాడని పిల్లలకు ఇంతకంటే ఎట్లా చెప్పగలం?

పిల్లల చేతికి ఫోను ఇచ్చి ఊరుకుంటున్నాం. నానీ నోట్లోని కథ ఆమెతోనే పోతుంది. ఈ రాత్రే ఒకటి చెప్పించండి. సెలవు.