పెద్ద కంపెనీల్లోకి హడూప్

అమెరికాలో డగ్ కటింగ్, మైక్ కఫరెల్లా రూపొందించిన హడూప్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ 2006లో అపాచీ ఫౌండేషన్ ప్రాజెక్టుగా విడిగా నిలబడింది. కటింగ్ కొడుకు ఆడుకునే ఏనుగు బొమ్మ పేరే దీనికి పెట్టారు. పెద్ద ఫైలును ఇది ముక్కలు చేసి, ఒక్కో ముక్కను మామూలుగా 3 కాపీలుగా వేర్వేరు కంప్యూటర్లలో దాస్తుంది. ఒక కంప్యూటర్ చెడిపోయినా సమాచారం పోదు.

సొంత డేటాబేస్‌లు అమ్ముకునే సంస్థలూ దీన్ని కాదనలేకపోయాయి. 2011లో మైక్రోసాఫ్ట్ హడూప్ సేవల సంస్థ హార్టన్‌వర్క్స్‌తో చేతులు కలిపింది. 2012లో ఒరాకిల్ తన బిగ్ డేటా యంత్రాల్లో అలాంటి మరో సంస్థ క్లౌడెరా హడూప్‌ను అమర్చి అమ్మింది. కోడ్ ఉచితమే, దాన్ని నిలకడగా నడిపించే సాయానికే కంపెనీలు డబ్బు చెల్లించాయి.

మన ఇంజినీర్లకు నా మనవి: వాడుకోవడంతో ఆగకండి. లోపాలు సరిదిద్ది, ఆ కోడ్‌ను తిరిగి అందరికీ అందించండి. ఉమ్మడి సొత్తు పెరిగేది అలాగే.