మీటర్లు పట్టుకొని వచ్చినోళ్లకి మనం ఏం చెప్పాలి

(మొన్న శుక్రవారం షార్జా సజ్జా క్యాంపులో మన సభ్యుల మీటింగులో మాట్లాడిన మాటలు. డ్యూటీ వల్ల రాలేకపోయిన వాళ్లు అడిగారని రాసి పెడుతున్నాం.)



మనవాళ్లు చాలామంది బ్లాకు ఫ్యాక్టరీల్లో, ప్రీకాస్ట్ యార్డుల్లో చేస్తున్నారు. అప్పుడప్పుడు అక్కడికి ఎనర్జీ ఆడిట్ అని, ఎన్విరాన్‌మెంట్ ఆడిట్ అని మీటర్లు పట్టుకొని ఇంజినీర్లు వస్తారు. వాళ్లను చూడగానే మనకు రెండు భయాలు. తప్పు దొరికితే మన నెత్తిన పెడతారని ఒకటి. ఖర్చు తగ్గించాలని మనుషుల్ని తీసేస్తారని రెండోది. అందుకే ఏమడిగినా "ఆల్ ఓకే సార్" అని ఊరుకుంటాం. ఈ రోజు ఆ "ఆల్ ఓకే" గురించే మాట్లాడతా.

ముందు నా తప్పు చెప్తా. మా యార్డుకు ఆడిట్ వస్తున్నారని తెలిసి, ముందు రోజు పిల్లలందర్నీ పిలిచి "ఎవరూ నోరు తెరవొద్దు, నేను మాట్లాడతా" అన్నా. ఆ వచ్చిన ఇంజినీరు నన్ను వదిలేసి, నైట్ డ్యూటీ చేసే హెల్పర్‌ని అడిగాడు. జగిత్యాల పక్క పిల్లోడు. వాడు నిజం చెప్పేశాడు: "సార్, అన్నం టైములో టూల్స్ అన్నీ బంద్ ఉన్నా కంప్రెసర్ మాత్రం ఆగదు."

అదే మాట వాడు రెండు నెలల ముందు నాకు చెప్పాడు. "నీ పని నువ్వు చూస్కో" అని కసిరా. ఆ రోజు సార్ల ముందు నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

కంప్రెసర్ సంగతి అందరూ తెలుసుకోవాలి. గాలి ఊరికే వస్తుందని మనం అనుకుంటాం. కానీ ఫ్యాక్టరీలో అన్నిటికంటే ఖరీదైన కరెంటు అదే. కంప్రెసర్ తినే కరెంటులో 10-15 శాతమే టూల్ దగ్గర పనికొస్తుంది, మిగిలింది వేడి అయిపోతుంది. సరిగా చూసుకోని లైన్లలో 20-30 శాతం గాలి లీకుల్లోనే పోతుంది. 7 బార్ ప్రెషర్ దగ్గర 3 మిల్లీమీటర్ల రంధ్రం ఒక్కటి ఉంటే 3 నుంచి 4 కిలోవాట్లు పోతుంది. అంటే రెండు స్ప్లిట్ ఏసీలు రాత్రి పగలు నడిచినట్టు. లీకుల వల్ల టూల్‌కి గాలి చాలడం లేదని మనం ప్రెషర్ పెంచుతాం. 1 బార్ పెంచితే కరెంటు 7 శాతం దాకా ఎక్కువ, లీకు కూడా ఇంకా ఎక్కువ.

లీకు ఎంతుందో తెలుసుకోవడం కష్టమేం కాదు. అన్నం టైములో ఒక్క టూల్ కూడా నడవనప్పుడు గడియారం పెట్టి చూడండి. కంప్రెసర్ 3 నిమిషాలు గాలి నింపి, 7 నిమిషాలు లోడు లేకుండా తిరిగిందనుకోండి. 10లో 3, అంటే 30 శాతం లీకే. మా ఇంజినీరు చేసిందీ ఇదే. తర్వాత సబ్బు నీళ్లతో వెతికి లీకు ఉన్న ప్రతి జాయింటుకీ ట్యాగు కట్టారు. వాటిలో ఎక్కువ మన పిల్లలు చూపించినవే.

ఇక దుమ్ము సంగతి. ఇది కరెంటు కంటే పెద్దది. మా యార్డులో బల్కర్ నుంచి సైలోకి సిమెంటు ఎక్కించినప్పుడల్లా పైనుంచి తెల్లగా పొగ లేచేది. పైన ఫిల్టర్ బ్యాగు చిరిగిందని కింద పనిచేసే అందరికీ తెలుసు. నేను మాత్రం "మాస్కు పెట్టుకోండి" అని వదిలేశా. ఆ ఇంజినీరు చెప్పిన మాట నాకు ఇప్పటికీ గుర్తుంది: దుమ్ము లేచాక ముక్కు మూసుకోవడం ఆఖరి పని, దుమ్ము లేవకుండా చూడటం మొదటి పని. బ్యాగు మార్చారు. కాంక్రీటు కోసే చోట నీళ్ల పైపు పెట్టారు.

కాంక్రీటు కోసినా, గ్రైండింగ్ చేసినా లేచే సిలికా దుమ్ములో ప్రమాదమైనది కంటికి కనపడదు. ఊపిరితిత్తుల్లో కూర్చుంటుంది. దాన్నే సిలికోసిస్ అంటారు. వచ్చాక నయం చేసే మందు లేదు. రుమాలు కట్టుకుంటే ఆగదు.

మిక్సర్ కడిగిన నీళ్లూ అంతే. సిమెంటు నీళ్లు చర్మాన్ని కాలుస్తాయి, నేలలోకి పోతే నేలను పాడు చేస్తాయి. వరసగా తొట్లు కట్టి మడ్డి కిందికి దిగనిస్తే, పైన తేరిన నీళ్లతో మళ్లీ మిక్సర్ కడుక్కోవచ్చు.

మనుషుల్ని తీసేస్తారా అని అడుగుతారు. తీయరని నేను మాట ఇవ్వలేను. కానీ నేను చూసిన రిపోర్టులో లీకులు, ప్రెషర్, ఫిల్టర్లు, లైట్లు ఉన్నాయి. ఒక్క మనిషి పేరు లేదు. మిగిలిన డబ్బు మనకు ఇచ్చారా? లేదు, అదీ నిజమే. మనకు మిగిలింది మన ఊపిరి.

అందుకని ఆడిట్ వచ్చినప్పుడు ఇవి గుర్తు పెట్టుకోండి.

ఒకటి, "బాగాలేదు" అని ఊరికే అనొద్దు. ఏ మిషను, ఏ చోట, ఏ టైములో అని చెప్పండి.

రెండు, భాష రాకపోతే చెయ్యి పట్టి తీసుకెళ్లి చూపించండి.

మూడు, ప్రెషర్ ఉన్న లైను మీరే విప్పొద్దు, టేపు చుట్టొద్దు. మెయింటెనెన్స్ వాళ్లకు చెప్పండి.

నాలుగు, గాలి పైపుతో బట్టల దుమ్ము దులుపుకోవద్దు. కంటికి, చర్మానికి ప్రమాదం, దుమ్మంతా మళ్లీ ముక్కులోకే పోతుంది.

ఐదు, ఫ్యాక్టరీలో వీడియోలు తీసి గ్రూపుల్లో పెట్టొద్దు. మంచికని తీసినా ఈ దేశంలో కేసు అవుతుంది.

ఇట్లా ఇంజినీర్లు వచ్చి సాయం చేయడం ఇక్కడి వింత కాదు. అమెరికాలో 1976లో మొదలుపెట్టి, ఇంజినీరింగ్ కాలేజీల సార్లు, విద్యార్థులు ప్రభుత్వ ఖర్చుతో చిన్న, మధ్యరకం ఫ్యాక్టరీలకు పోయి ఉచితంగా చూసి చెప్పారు. అట్లా 20 వేలకు పైగా ఆడిట్లు చేశారు. మన దేశంలో 2002లో బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ పెట్టారు. వాళ్లు వరంగల్ రైస్ మిల్లులు, భీమవరం ఐసు ఫ్యాక్టరీల మీద కూడా పనిచేశారు. రేపు ఊరికి పోయి ఇటుకల యూనిట్టో మిల్లో పెట్టుకోవాలనుకునే వాళ్లు మిషను కొనే ముందే ఇట్లాంటి సలహా తీసుకోండి.

ఆఖరి మాట నాలాంటి ఫోర్‌మెన్లకు, సూపర్‌వైజర్లకు. మిషను పక్కన పన్నెండు గంటలు నిలబడే పిల్లోడికి తెలిసినంత ఏ మీటరుకూ తెలియదు. వాడు "అన్నా, ఇది సరిగా లేదు" అంటే ఒక్క నిమిషం ఆగి వినండి. నేను వినలేదు. రెండు నెలలు ఆ గాలి వృథాగా పోయింది, ఆ దుమ్ము మాత్రం మా పిల్లల గుండెల్లోకి పోయింది.

సెలవు.