గోదావరి నీటిమట్టం - పాడి పశువుల రక్షణ

(పాల సంఘాల సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



క్యాను నిండినంత మాత్రాన మనం పాలకు ధర కట్టం. కొలత వేరు, వెన్నశాతం వేరు. నది విషయమూ అంతే. స్కేలు మీద అడుగులలో చూసేది నీటిమట్టం. సెకనుకు ఎన్ని ఘనపుటడుగుల నీరు పోతున్నదో తెలిపేది ప్రవాహం. దీనినే క్యూసెక్కులలో చెబుతారు. ఒక క్యూసెక్కు అంటే సెకనుకు సుమారు 28 లీటర్లు.

భద్రాచలం వద్ద 43 అడుగులకు మొదటి, 48 అడుగులకు రెండవ, 53 అడుగులకు మూడవ ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 1986 ఆగస్టులో మట్టం 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు చేరింది.

ఒక్క అంకె విని ఊరుకోరాదు. నది పెరుగుతున్నదా, తగ్గుతున్నదా అన్నది ముఖ్యం. ఎగువన పేరూరులో మట్టం పెరిగితే, ఆ నీరు కొన్ని గంటల తర్వాత భద్రాచలం చేరుతుంది. ఆ వ్యవధిలోనే మన పని జరగాలి. గోదావరి పొంగితే శబరి నీరు వెనక్కి తన్నుతుంది. అందువల్ల కూనవరం వైపు వాన లేకున్నా ఊళ్లు మునుగుతాయి.

కనుక వరద రోజులలో కార్యదర్శులు ఉదయం, సాయంత్రం పాలు పోయించుకునే వేళ నీటిమట్టాన్ని, అది తీసిన సమయాన్ని బోర్డుపై వ్రాయాలి. మొదటి హెచ్చరికకే చూడి గేదెలను, దూడలను, వరిగడ్డిని, దాణాను మెరకకు చేర్చండి. రెండవ హెచ్చరికకు కొట్టంలో ఒక్క పశువూ ఉండరాదు. తోలుకుపోయే వ్యవధి లేకపోతే పలుపులైనా విప్పండి. గుంజకు కట్టిన గేదె ఈదలేదు.

ఈ పని ప్రతి సంఘమూ వర్షాకాలానికి ముందే తీర్మానించుకోవాలని కోరుతున్నాను.