బంతి కుట్టే చేతులు

(మహిళా సంఘం సమావేశంలో చేసిన ప్రసంగం)



ఇవాళ ఒక బంతి సంగతి చెప్పుకుందాం. చిన్న బంతి కాదు. కాలితో తన్నే పెద్ద బంతి. ఫుట్‌బాల్ అంటారు. "ఆడవాళ్ళ సమావేశంలో బంతి కబుర్లు ఎందుకమ్మా?" అని మీరు అనుకోవచ్చు. కారణం ఉంది. బంతిని తన్నేవాళ్ళను టీవీలో అందరం చూస్తాం. దాన్ని చేసేవాళ్ళను ఎవరూ చూపించరు. ఆ చేసేవాళ్ళలో వేలమంది ఆడవాళ్ళు ఉన్నారు. వాళ్ళ పని ముందు ఎట్లా ఉండేది? తర్వాత ఎట్లా మారింది? మారినప్పుడు వాళ్ళకు ఏం దక్కింది? ఏం పోయింది? ఇవి తెలుసుకుంటే మన పని సంగతి కూడా మనకు బాగా తెలుస్తుంది.

ముప్ఫై రెండు ముక్కలు

పాకిస్తాన్‌లో సియాల్‌కోట్ అనే పట్నం ఉంది. మన జమ్మూకు దగ్గర. ఇంగ్లీషువాళ్ళ కాలం నుంచి అక్కడ ఆట సామాన్లు చేస్తున్నారు. 1947లో దేశం రెండు ముక్కలైంది. అప్పుడు ఆ పని తెలిసిన కుటుంబాలు కొన్ని ఇటు వచ్చేశాయి. పంజాబులో జలంధర్‌లోనూ, ఉత్తరప్రదేశ్‌లో మీరట్‌లోనూ స్థిరపడ్డాయి. మన దేశంలో ఆట సామాన్లకు ఇప్పటికీ ఆ రెండు ఊళ్ళే పేరు మోసినవి.

సియాల్‌కోట్‌లో ఫుట్‌బాల్ పని బాగా పెరిగింది. 1990ల నాటికి ప్రపంచంలో చేత్తో కుట్టిన ఫుట్‌బాళ్ళలో సగానికి పైగా అక్కడివే.

బంతి ఎట్లా కుడతారు? పాత పద్ధతి బంతికి 32 ముక్కలు ఉంటాయి. 20 ముక్కలకు ఆరేసి అంచులు. 12 ముక్కలకు ఐదేసి అంచులు. అంచుల వెంట ముందే చిల్లులు వేసి ఉంటాయి. రెండు చెక్కలను మోకాళ్ళ మధ్య పెట్టుకుంటారు. చెక్కల నడుమ ముక్కలను బిగిస్తారు. మైనం పూసిన దారం తీసుకుంటారు. దారానికి రెండు కొసల్లో రెండు సూదులు. ఒకటి ఇటు నుంచి, ఒకటి అటు నుంచి పోనిచ్చి, రెండు చేతులతో గట్టిగా లాగుతారు. ఒక బంతికి ఆరు వందలకు పైగా కుట్లు పడతాయి. లోపలి వైపు పైకి పెట్టి కుడతారు. చివర్లో తిరగేసి, లోపల రబ్బరు సంచి పెట్టి, నోరు కుట్టేస్తారు.

చెప్పినంత తేలిక కాదు. చెయ్యి తిరిగిన మనిషి కూడా రోజుకు మూడు నాలుగు బంతులే కుట్టగలదు. దారం లాగి లాగి వేళ్ళు కోసుకుపోతాయి. వంగి కూర్చుని నడుము పట్టేస్తుంది. సందె వెలుగులో కుట్టి కళ్ళు మండుతాయి.

ఈ పనిని పట్నం చుట్టుపక్కల పల్లెల్లో ఆడవాళ్ళు ఇంట్లోనే చేసేవారు. ఏజెంటు వచ్చి ముక్కలు, దారం ఇచ్చి పోయేవాడు. కుట్టిన బంతులు పట్టుకుపోయేవాడు. బంతికి ఇంత అని కూలి. నెల జీతం లేదు. సెలవు లేదు. పొయ్యి మీద కూర ఉడికేలోపు నాలుగు కుట్లు. బిడ్డ నిద్రపోయాక మరో నాలుగు. కుట్టు వదులుగా ఉందంటే బంతి వెనక్కి వచ్చేది. ఆ బంతికి పైసా రాదు.

రెండు బంతులు ఎక్కడికి పోయాయి?

ఒక లెక్క చూద్దాం. ఒకామె రోజుకు నాలుగు బంతులు కుట్టిందనుకోండి. వారానికి ఆరు రోజులు కుట్టింది. మొత్తం ఎన్ని? 24. ఏజెంటు పుస్తకంలో 22 అని రాసుకున్నాడు. ఆమెకు చదువు రాదు. అతను చెప్పిందే లెక్క.

"రెండు బంతులే కదా, పోనీలే" అనుకోవచ్చు. కానీ ఏడాదికి 52 వారాలు. వారానికి రెండు చొప్పున 104 బంతులు పోయాయి. రోజుకు నాలుగు చొప్పున 104 బంతులు అంటే 26 రోజుల పని. వారానికి ఆరు రోజుల పని అయితే, నెలంతా చేసిన కష్టం అన్నమాట. ఏడాదిలో ఒక నెల ఆమె ఊరికే కుట్టినట్టే! ఎవరూ కొట్టలేదు. ఎవరూ దోచుకోలేదు. ఒక అంకె తప్పు రాశారు. అంతే.

ఆ పన్నెండో నెల సంగతి గుర్తు పెట్టుకోండి. మళ్ళీ దాని దగ్గరికే వద్దాం.

మంచి పనిలో మరిచిపోయిన మాట

తల్లి ఒక్కతే కుడితే ఇల్లు గడవదు. అందుకని పక్కన పిల్లలూ సూది పట్టేవారు. 1996లో ఒక అమెరికా పత్రికలో బంతి కుడుతున్న పిల్లవాడి ఫొటో వచ్చింది. పిల్లలు ఆడుకునే బంతిని పిల్లలే కుడుతున్నారా అని లోకమంతా గొడవ చేసింది. 1997 ఫిబ్రవరిలో అమెరికాలోని అట్లాంటాలో ఒక ఒప్పందం జరిగింది. సియాల్‌కోట్ వ్యాపారుల సంఘం, అంతర్జాతీయ కార్మిక సంస్థ, యునిసెఫ్ కలిసి సంతకాలు చేశాయి. పద్నాలుగేళ్ళ లోపు పిల్లల చేత బంతులు కుట్టించకూడదు. ఇది అసలు మాట.

పిల్లల్ని పని మాన్పించి బడికి పంపడం మంచి పనే. అందులో రెండో మాట లేదు. అయితే ఇంటింటికీ వెళ్ళి పిల్లలు కుడుతున్నారో లేదో ఎట్లా చూస్తారు? అందుకని కుట్టు పనిని ఇళ్ళ నుంచి తీసి కేంద్రాల్లోకి మార్చారు. కేంద్రానికి వచ్చి కుట్టినవాళ్ళకే పని.

ఇక్కడే చిక్కు వచ్చింది. మగవాళ్ళు సైకిలెక్కి కేంద్రానికి వెళ్ళారు. ఆడవాళ్ళు? చంటిబిడ్డను ఎవరి దగ్గర వదలాలి? వంట ఎవరు చేస్తారు? పరదా పాటించే ఇళ్ళలో ఆడమనిషి మగవాళ్ళ మధ్య కూర్చుని పనిచేస్తానంటే ఒప్పుకోలేదు. చాలామంది ఆడవాళ్ళ చేతిలోంచి సూది జారిపోయింది. దాంతో పాటు చేతిలో ఆడే నాలుగు రూపాయలూ పోయాయి. తర్వాత కొన్ని పల్లెల్లో ఆడవాళ్ళ కోసం విడిగా చిన్న చిన్న కేంద్రాలు పెట్టారు. కొందరికి మళ్ళీ పని దొరికింది. అందరికీ దొరకలేదు.

ఆ ఒప్పందం మీద సంతకం చేసినవాళ్ళలో బంతి కుట్టే ఆడవాళ్ళు లేరు. ఉండి ఉంటే "పిల్లల్ని బడికి పంపుతాం. మరి మేం కుట్టే చోటు మా వీధిలోనే పెట్టండి. మా కూలి పెంచండి" అని ముందే అడిగేవారు కదా!

సూది పోయి యంత్రం వచ్చింది

ఆ తర్వాత ఇంకో మార్పు వచ్చింది. ప్రపంచ కప్పు పోటీలు నాలుగేళ్ళకు ఒకసారి జరుగుతాయి. 2006 పోటీల బంతికి 14 ముక్కలే. దానికి చేతి కుట్టు లేదు. జిగురు రాసి, వేడి పెట్టి ముక్కలను అతికించారు. 2010లో 8 ముక్కలకు దిగింది. 2014లో 6 ముక్కలు. 2026 పోటీల కోసం చేసిన బంతికి నాలుగే ముక్కలు!

32 ముక్కలు నాలుగు అయ్యాయంటే అర్థమేమిటి? సూదికి పని తగ్గింది. 2006 బంతిని థాయిలాండ్‌లో చేశారు. 2010 బంతిని చైనాలో చేశారు. తరతరాలుగా బంతులు కుట్టిన సియాల్‌కోట్ చూస్తూ ఉండిపోయింది.

కానీ అక్కడి ఫ్యాక్టరీ ఒకటి ఈ కొత్త పని నేర్చుకుంది. 2014 ప్రపంచ కప్పు బంతులు చేసే అవకాశం సంపాదించింది. ఆ వరుసలో నిలబడి పనిచేసినవాళ్ళలో చాలామంది ఆడవాళ్ళే. తలకు ముసుగు కట్టుకుని, ముక్కలకు జిగురు పూసి, చక్కగా అమర్చి, గుండ్రటి అచ్చులో పెట్టేవారు. అచ్చులోంచి తీసిన బంతికి పరీక్షలు ఉంటాయి. చుట్టుకొలత 68 నుంచి 70 సెంటీమీటర్లు ఉండాలి. బరువు 410 నుంచి 450 గ్రాములు ఉండాలి. కొలత తప్పితే పనికిరాదు.

మార్పు వల్ల ఏం దక్కింది? ఇంట్లో కుట్టే ఆమెకు బంతి లెక్కన కూలి. ఫ్యాక్టరీలో ఆమెకు నెల జీతం. హాజరు పుస్తకంలో పేరు ఉంది. ఆమె ఫలానా చోట పనిచేస్తోందని చెప్పడానికి కాగితం ఉంది. గడప దాటి నలుగురు ఆడవాళ్ళతో కలిసి పనిచేస్తోంది. ఇది చిన్న సంగతి కాదు.

మరి జీతం ఎంత? 2014లో ఆ పనివాళ్ళకు నెలకు సుమారు 100 డాలర్లు వచ్చేవని పత్రికలు రాశాయి. అక్కడి ప్రభుత్వం పెట్టిన కనీస వేతనం అంతే. వాళ్ళు చేసిన ఆ బంతి ఒక్కటి దుకాణంలో ఎంతకు అమ్మారో తెలుసా? 160 డాలర్లకు! నెలంతా కష్టపడి వేల బంతులు చేసిన చేయి, ఆ జీతంతో ఒక్క బంతిని కొనలేదు.

బంతే సాక్ష్యం చెప్పింది

ఇంకో వింత వినండి. 2022లో ఖతర్ దేశంలో ప్రపంచ కప్పు జరిగింది. ఆ బంతి నడిబొడ్డులో చిన్న పరికరం పెట్టారు. సెల్‌ఫోన్‌కు పెట్టినట్టే దానికీ చార్జింగ్ పెట్టాలి. ఎవరు తన్నినా, ఎప్పుడు తన్నినా అది కనిపెడుతుంది. సెకనుకు 500 సార్లు కబురు పంపిస్తుంది. కన్ను ఆర్పేలోపు ఎన్ని కబుర్లో చూడండి! ఆ పోటీల బంతులు కూడా సియాల్‌కోట్‌లో తయారయ్యాయి.

2022 నవంబరు 28న పోర్చుగల్, ఉరుగ్వే దేశాలు ఆడాయి. పోర్చుగల్ ఒక గోల్ కొట్టింది. రొనాల్డో అనే పేరున్న ఆటగాడు గోల్ తనదే అన్నట్టు సంబరం చేసుకున్నాడు. బంతి అతని తలకు తగిలిందా, లేదా? మనుషుల కళ్ళకు సరిగా అందలేదు. బంతిలోని పరికరం లెక్క చూశారు. అతని తల తగలలేదని తేలింది. గోల్ బ్రూనో ఫెర్నాండెస్ అనే ఆటగాడి పేరు మీదే నిలిచింది.

చూశారా! తన్నిన ప్రతి దెబ్బా బంతి రాసుకుంటుంది. ఎవరిది ఎవరికి దక్కాలో చెబుతుంది. మరి ఆ బంతికి జిగురు పూసిన చేతుల లెక్క ఎవరు రాయాలి? దానికి పరికరం రాలేదు. ఆ లెక్క ఆమే రాసుకోవాలి.

మన ఇంటి లెక్క

ఇప్పుడు మన వైపు చూద్దాం. నిజామాబాద్, కరీంనగర్ వైపు ఆడవాళ్ళు బీడీలు చుడతారు. ఆకు, తంబాకు తెచ్చుకుంటారు. వేయి బీడీలకు ఇంత అని కూలి. బాగాలేవని కొన్ని బీడీలు తీసి పక్కన పడేస్తారు. నర్సాపురం వైపు ఆడవాళ్ళు లేసు అల్లుతారు. దారం ఇచ్చేది ఏజెంటు, లెక్క రాసేది ఏజెంటు. సియాల్‌కోట్ అమ్మకూ వీళ్ళకూ తేడా ఏముంది? సూదికి బదులు ఆకు, బంతికి బదులు లేసు. అంతే కదా!

తిరుపతి జిల్లా తడ దగ్గర ఆటల బూట్లు చేసే ఫ్యాక్టరీ ఉంది. వేలమంది ఆడపిల్లలు పల్లెల నుంచి వెళ్ళి పనిచేస్తున్నారు. వాళ్ళకు జీతం చీటీ ఇస్తారు. ఆ చీటీ మడిచి పెట్టెలో పడేస్తే లాభం లేదు. చదవాలి.

ఇంట్లో పనిచేసేవాళ్ళు ఒక గీతల పుస్తకం పెట్టుకోండి. పేజీలో ఐదు గళ్ళు గీయండి. మొదటి గడిలో తేదీ. రెండో గడిలో తెచ్చుకున్న సరుకు. మూడో గడిలో చేసి ఇచ్చిన సరుకు. నాలుగో గడిలో బాగాలేదని వెనక్కి ఇచ్చింది. ఐదో గడిలో చేతికి వచ్చిన డబ్బు. ఏ రోజుది ఆ రోజే రాయండి. ఏజెంటు వచ్చినప్పుడు అతని పుస్తకం పక్కన మీ పుస్తకం పెట్టండి. పోట్లాట అక్కర్లేదు. "అన్నా, మా పుస్తకంలో 24 ఉంది. మీ దాంట్లో 22 ఉంది. ఒకసారి చూడండి" అంటే చాలు.

ఫ్యాక్టరీకి వెళ్ళేవాళ్ళు జీతం చీటీలో నాలుగు చూడండి. ఎన్ని రోజులు పనిచేసినట్టు రాశారు? ఎక్కువ గంటలు చేస్తే అది రాశారా? ఎంత కోసుకున్నారు, దేనికి కోసుకున్నారు? పి.ఎఫ్. నంబరు ఉందా? తెలియనిది ఉంటే పక్కామెను అడగండి. పదిమంది కలిసి అడిగితే జవాబు తొందరగా వస్తుంది. ఏమీ రాయని తెల్ల కాగితం మీద మాత్రం ఎవరు అడిగినా సంతకం పెట్టకండి.

పని మారుతూనే ఉంటుంది. నిన్న సూది, ఇవాళ యంత్రం, రేపు ఇంకేదో. మార్పు వచ్చినప్పుడు "మా మాట ఏమిటి?" అని అడగడం నేర్చుకోవాలి. అడగాలంటే లెక్క చేతిలో ఉండాలి. లెక్క ఉండాలంటే రాయడం రావాలి. వేలిముద్ర వేసిన చేతులు ఇప్పుడు అక్షరాలు రాస్తున్నాయి. ఆ అక్షరాలు పలక మీద ఆగిపోకూడదు.

ఇందాక చెప్పుకున్న ఆ పన్నెండో నెల గుర్తుందా? ఆ నెల ఎవరికీ ఊరికే పోకూడదు. ఇవాళ రాత్రే పుస్తకం తీయండి. మొదటి గడిలో ఇవాళ్టి తేదీ రాయండి.