నెత్తురు చూపని తలదెబ్బ

తలకు దెబ్బ తగిలినదనగానే మన ఇండ్లలో మొదట వెదకునది నెత్తురు. నెత్తురు కారినచో పసుపు అద్ది, కట్టు కట్టి, వైద్యుని యొద్దకు పరుగెత్తుదురు. కారనిచో బొప్పిని అరచేతితో రుద్ది, "ఏమీ కాలేదు, లే" అని పిల్లవానిని తిరిగి ఆటకు పంపుదురు. "నెత్తురు బయటికి పోయినది, ఇక లోపల భయము లేదు" అను మాటయు మేము తరచు వినుచుందుము. ఈ రెండు నమ్మకములును సరియైనవి కావు. నేడు మేము చెప్పదలచిన దెబ్బకు పైకి కారు నెత్తురుతో నిమిత్తము లేదు. దానిని వైద్యులు కంకషను అందురు. మెదడు అదురుపాటు అని మనము చెప్పుకొనవచ్చును.

పెరుగుకుండను ఎత్తుకొని నడచుచున్న మనిషి ఒక్కసారిగా తూలి నిలదొక్కుకొన్నచో కుండకు బీట పడదు. లోని పెరుగు మాత్రము చెదరిపోవును. పుఱ్ఱెలోని ద్రవములో తేలుచున్న మెదడు సంగతియు ఇట్టిదే. తల వడిగా కదలి చటుక్కున ఆగినప్పుడు అది లోలోపల కుదుపునకు లోనగును. దెబ్బ తలకే తగులనక్కరలేదు. వీపున బలమైన త్రోపు పడినను చాలును. అప్పుడు నరకణములలోని లవణముల తూకము చెడి, అవి తేరుకొనుటకు హెచ్చు శక్తిని కోరును. సరిగా ఆ సమయముననే మెదడునకు రక్తప్రసారము తగ్గును. ఆ పైన తలనొప్పి, కండ్లు తిరుగుట, వికారము, వెలుతురు సహింపలేకపోవుట, అడిగినదే మరల అడుగుట కనబడును. స్పృహ తప్పి తీరవలెనని లేదు. ఆటలలో ఈ దెబ్బ తగిలినవారిలో నూటికి తొంబదిమందికి స్పృహ తప్పనే తప్పదు. స్కానింగు చూపునది కుండ బీటలను, లోపల కారిన నెత్తురును, అదురుపాటును కాదు. కావున "స్కానింగు బాగున్నది, రేపటినుండి బడికి పో" అనుట తొందరపాటు.

ఇది ఎంతమందికి కలుగుచున్నది? ఏటా ప్రపంచమున 5 నుండి 6 కోట్ల మంది మెదడు దెబ్బకు గురియగుచున్నారని 2017లో లాన్సెట్ న్యూరాలజీ పత్రికలో నిపుణులు అంచనా వేసిరి. మానవులలో సగముమంది తమ జీవితకాలమున ఒకసారియైనను దీనికి లోనగుదురనియు వారి లెక్క. వీనిలో అత్యధిక భాగము తేలిక రకమునకు చెందినవే. ఇంటిలోనే అణగిపోవు దెబ్బలను లెక్కించువారెవరు?

కంకషను అనగానే అది క్రికెట్టువారి వ్యవహారమని పలువురు తలచుచున్నారు. అందుకు కారణము లేకపోలేదు. 2019 ఆగస్టులో లార్డ్సు మైదానమున జోఫ్రా ఆర్చర్ విసరిన బంతి స్టీవ్ స్మిత్ మెడకు తగిలినది. ఆయన కొంతసేపు విశ్రమించి, తిరిగి వచ్చి ఆడి, 92 పరుగులకు అవుటయ్యెను. లక్షణములు మరునాటికి గాని పైకి తేలలేదు. ఆ నెలలోనే అమలులోనికి వచ్చిన క్రొత్త నిబంధన ప్రకారము ఆయనకు బదులుగా మార్నస్ లబుషేన్ బ్యాటు పట్టెను. వైద్యులు ప్రక్కనే ఉండి పరీక్షించిన ఆటగాని విషయమే ఇట్లుండగా, పొలము గట్టుపై పడిన కూలిమనిషి సంగతి వేరుగ చెప్పవలెనా? ఆమెకు బదులుగా దిగువారు లేరు.

నిజమునకు అపాయము ఎక్కువగా ఉన్నది మన చుట్టుప్రక్కలవారికే. పసిబిడ్డల తల ఒడలితో పోల్చిన పెద్దది. పడినప్పుడు తలయే ముందు నేలను తాకును. కౌమారమున ఉన్నవారికి ఆటల వలన, వాహనముల వలన ముప్పు హెచ్చు. ఒకే ఆట ఆడు బాలబాలికలలో బాలికలకే ఈ దెబ్బ ఎక్కువగా తగులుచున్నది. ఒకసారి తగిలినవారికి మరల తగులు అవకాశము అధికము. తాటిచెట్టెక్కు గీత కార్మికులకు 2024లో తెలంగాణ ప్రభుత్వము రక్షణ సామగ్రిని పంచిపెట్టుట మొదలిడినది, మెచ్చుకొనదగిన పని.

రోడ్ల మాట చెప్పనక్కరలేదు. 2022లో మన దేశమున రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరి. వారిలో నూటికి నలుబదినలుగురికి పైగా ద్విచక్ర వాహనములపై పోవుచున్నవారే. హెల్మెటు తలకు కలుగు గాయములను నూటికి 69 వంతులు తగ్గించునని పరిశోధనలు తెలుపుచున్నవి. అయినను భర్త తలపై హెల్మెటు, వెనుక ఒరగి కూర్చున్న భార్య తలపై పూలు మాత్రమే ఉండుట మనము దినమును చూచునదే. నాలుగేండ్లు నిండిన పిల్లలకును ఇది తప్పనిసరియని చట్టమున్నది.

ఇంకొక మాట చెప్పక తప్పదు. "గడప తగిలి పడితిని" అని చెప్పు స్త్రీలలో కొందరు పడినవారు కారు, కొట్టబడినవారు. వారు ఏ లెక్కలోను చేరరు.

దెబ్బ తగిలిన దినమున ఆటయు, వాహనము నడపుటయు మానవలెను. ఒకటి రెండు దినములు విశ్రాంతి గైకొని, పిమ్మట కొద్దికొద్దిగా పనిలోనికి దిగవలెను. వారముల తరబడి చీకటి గదిలో పడియుండుట నేటి వైద్యము కాదు. తలనొప్పి పెరుగుచున్నను, వాంతులు ఆగకున్నను, మాట తడబడినను, మూర్ఛ వచ్చినను, లేపిన లేవకున్నను తక్షణమే ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

వృద్ధుల విషయమున మాత్రము ఈ ఒక్క దినపు జాగ్రత్త చాలదు. వయసుతో మెదడు కొంత కుంచించుకొని, దానిపైని సన్నని సిరలు బిగియుండును. చిన్న కుదుపునకే అవి తెగవచ్చును. గుండెజబ్బునకు రక్తము పలుచబరచు మందు వాడువారికి మరింత భయము. రాత్రివేళ స్నానాల గదిలో జారిపడిన తాతగారు లేచి కాఫీ త్రాగి పత్రిక చదువుదురు. రెండు మూడు వారముల తరువాత నడక తూలును, మాట పొంతన తప్పును. ఇంటివారు "వయసు మీద పడినది" అని ఊరకుందురు. లోపల మెల్లగా చేరిన నెత్తురును సకాలమున తొలగించినచో అట్టివారిలో పెక్కుమంది మామూలు మనుష్యులగుదురు. కాని వైద్యుడు "ఎప్పుడైన పడినారా?" అని అడిగినప్పుడు ఎవరికిని జ్ఞాపకముండదు. పెద్దవారు పడిన తేదీని గోడనున్న క్యాలెండరుపై గుర్తు పెట్టి ఉంచినచో ఆ ప్రశ్నకు బదులు దొరకును.