2024 ఫైటర్‌లో అసలు ఏం మారింది? పాత రూల్స్‌తో పోల్చి చూద్దాం

ఈ ఎపిసోడ్‌లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ 2024 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో ఫైటర్ క్లాస్‌కి చేసిన మార్పులు చూద్దాం. "2014 పుస్తకం ఉంది కదా, ఫైటర్ ఆడేవాళ్లకి కొత్త రూల్స్ అవసరమా?" అని చాలామందికి డౌట్. నా సమాధానం ముందే చెప్పేస్తా: అవసరమే. ఇంకే క్లాస్ కోసం మారకపోయినా ఫైటర్ కోసం మారొచ్చు. ఎందుకో చెప్తా.

కొత్తగా వచ్చినవాళ్ల కోసం రెండు ముక్కలు. ఇది టేబుల్ చుట్టూ కూర్చుని ఆడే రోల్‌ప్లేయింగ్ గేమ్. కథ నడిపేవారు డంజన్ మాస్టర్, మిగతావాళ్లు ఒక్కొక్కరు ఒక్కో పాత్ర. ఏదైనా పని అవుతుందా కాదా అన్నది ఇరవై ముఖాల డైస్ తేలుస్తుంది, దాన్ని డీ20 అంటాం. 1974లో ఈ ఆట మొదలైనప్పుడు ఉన్నవి మూడే క్లాసులు, అందులో యోధుడు ఒకటి. అప్పట్లో పేరు ఫైటింగ్ మ్యాన్. అంటే ఆట పుట్టినప్పటి నుంచీ ఉన్న పాత్ర ఇది.

మరి 2014 ఫైటర్‌తో సమస్య ఏంటి? బలహీనుడైతే కాదు. 5వ లెవెల్‌లో రెండు దెబ్బలు, 11లో మూడు, 20లో నాలుగు. యాక్షన్ సర్జ్ వాడితే అదే టర్న్‌లో ఇంకో యాక్షన్. నంబర్లు బాగానే ఉన్నాయి. కానీ ఆ సీట్లో కూర్చున్న మనిషిని చూడండి. "కొడతా. తగిలింది. తొమ్మిది డ్యామేజ్. మళ్లీ కొడతా. తగల్లేదు. అయిపోయింది." పక్కన విజార్డ్ ఆడేవాళ్లు పది స్పెల్స్ ముందు పెట్టుకుని ఏది వాడాలా అని ఆలోచిస్తుంటారు. ఫైట్ అయిపోయాక ఇంకా ఘోరం. తాళం తీయాలి, కాపలావాడిని ఒప్పించాలి, పాత శాసనం చదవాలి అన్నప్పుడు ఫైటర్ పరిస్థితి నాన్ స్ట్రైకర్ ఎండ్‌లో నిలబడ్డ బ్యాట్స్‌మన్‌లా ఉండేది. బాటిల్ మాస్టర్ సబ్‌క్లాస్ తీసుకుంటే ఎత్తులు కొన్ని వచ్చేవి, నిజమే. కానీ ఆలోచించి ఆడే అవకాశం సబ్‌క్లాస్ తీసుకుంటేనే దొరకడం ఏంటి?

ఇప్పుడు మార్పులు.

మొదటిది, వెపన్ మాస్టరీ. ప్రతి ఆయుధానికీ ఒక ప్రత్యేక గుణం ఇచ్చారు. మొత్తం ఎనిమిది రకాలు. ఫైటర్‌కి 1వ లెవెల్‌లోనే మూడు ఆయుధాల మాస్టరీ వస్తుంది, 4లో నాలుగు, 10లో ఐదు, 16లో ఆరు. లాంగ్ రెస్ట్ తర్వాత ఒకటి మార్చుకోవచ్చు కూడా. లాంగ్‌స్వోర్డ్‌తో కొడితే శత్రువు వేసే తర్వాతి దెబ్బకి డిస్‌అడ్వాంటేజ్, దీని పేరు శాప్. వార్‌హామర్‌తో కొడితే పది అడుగులు వెనక్కి తొయ్యొచ్చు, అది పుష్. మాల్‌తో కొడితే కాన్‌స్టిట్యూషన్ సేవ్ ఫెయిలైనవాడు కింద పడతాడు, అది టాపుల్.

గ్రేట్‌స్వోర్డ్‌కి ఉన్న గ్రేజ్ నాకు బాగా నచ్చింది. దెబ్బ తగలకపోయినా మీ స్ట్రెంగ్త్ మాడిఫయర్ అంత డ్యామేజ్ పడుతుంది. చిన్న లెక్క వేద్దాం. స్ట్రెంగ్త్ +3 అనుకోండి. తగిలితే సగటున పది డ్యామేజ్. తగిలే అవకాశం 60 శాతం అయితే, క్రిటికల్స్ పక్కన పెడితే, ఒక్కో దెబ్బకి సగటు 6. గ్రేజ్ కలిపితే 7.2. అంటే 20 శాతం ఎక్కువ. కానీ నాకు ఆ 20 శాతం కంటే "తగల్లేదు, అయిపోయింది" అనే మాట టేబుల్ మీద వినపడకపోవడమే ముఖ్యం.

9వ లెవెల్‌లో టాక్టికల్ మాస్టర్ వస్తుంది. మాస్టరీ ఉన్న ఆయుధంతో కొట్టేటప్పుడు, దాని గుణం బదులు పుష్, శాప్, స్లో వీటిలో ఒకటి ఆ దెబ్బకి వాడుకోవచ్చు. కొండ అంచున నిలబడ్డ శత్రువు కనిపిస్తే ఏం చేయాలో నేను చెప్పక్కర్లేదు.

రెండోది, సెకండ్ విండ్. పాత రూల్‌లో ఇది ఒక్కసారే, మళ్లీ కావాలంటే రెస్ట్ తీసుకోవాలి. ఇప్పుడు మొదట్లోనే రెండు సార్లు, 4వ లెవెల్‌లో మూడు, 10లో నాలుగు. షార్ట్ రెస్ట్‌కి ఒకటి తిరిగొస్తుంది, లాంగ్ రెస్ట్‌కి అన్నీ. ఇక 2వ లెవెల్‌లో టాక్టికల్ మైండ్ వస్తుంది. ఏదైనా ఎబిలిటీ చెక్ ఫెయిలైతే ఒక సెకండ్ విండ్ ఖర్చుపెట్టి డీ10 వేసి కలుపుకోవచ్చు. 15 కావాలి, మీకు 9 వచ్చింది అనుకోండి. డీ10 మీద 6 లేదా పైన పడితే చాలు, సగానికి సగం ఛాన్స్. అప్పటికీ ఫెయిలైతే ఆ సెకండ్ విండ్ ఖర్చవ్వదు! ఫైటర్ ఇప్పుడు తాళం దగ్గరకీ వెళ్లొచ్చు, రాజుగారి సభలోనూ మాట్లాడొచ్చు. నా దృష్టిలో ఈ క్లాస్‌కి జరిగిన అతిపెద్ద మేలు ఇదే.

మూడోది, ఇండోమిటబుల్. 9వ లెవెల్ ఫీచర్. పాత రూల్‌లో ఫెయిలైన సేవింగ్ త్రో మళ్లీ వేయొచ్చు, అంతే. విజ్డమ్ సేవ్‌లో మీ బోనస్ +1, కావాల్సింది 17 అనుకోండి. డీ20 మీద 16 పడాలి, అంటే 25 శాతం. ఒకసారి ఫెయిలైనవాడు మళ్లీ ఫెయిలయ్యేలాగే ఉంటుంది. కొత్త రూల్‌లో ఆ రెండోసారికి మీ ఫైటర్ లెవెల్ కలుపుతారు. +1 కాస్తా +10 అయింది. 7 పడితే చాలు, 70 శాతం. మంత్రం వేసి ఫైటర్‌ని బొమ్మలా నిలబెట్టేసి, ఆ ఆటగాడు అరగంట ఫోన్ చూసుకునే రోజులు తగ్గినట్టే.

నాలుగోది చిన్న కోత. యాక్షన్ సర్జ్‌తో వచ్చే అదనపు యాక్షన్‌లో ఇక మ్యాజిక్ యాక్షన్ కుదరదు. రెండు లెవెల్స్ ఫైటర్ తీసుకుని ఒకే టర్న్‌లో రెండు పెద్ద స్పెల్స్ వేసే విజార్డ్‌ల దారి మూసేశారు. ఫైటర్ సొత్తు ఫైటర్‌కే. సరైన ప్యాచ్ అంటాను.

మరి అంతా బాగుందా? లేదు. టాపుల్ వల్ల ఆట నెమ్మదిస్తుంది. 5వ లెవెల్ ఫైటర్ యాక్షన్ సర్జ్ వాడితే నాలుగు దెబ్బలు, తగిలిన ప్రతిదానికీ డంజన్ మాస్టర్ ఒక సేవ్ వేయాలి. అందుకే కొట్టే డైస్, డ్యామేజ్ డైస్ కలిపే వేసేయండి, టైమ్ మిగులుతుంది. ఇంకోటి, పై లెవెల్స్‌లో విజార్డ్ లోకం రూపురేఖలే మార్చేస్తుంటే ఫైటర్ ఇంకా ఎదురుగా ఉన్నవాడినే కొడుతున్నాడు. ఆ తేడా తగ్గింది గానీ పోలేదు.

డబ్బు విషయం. వెంటనే పుస్తకం కొనక్కర్లేదు. 2025లో వచ్చిన సిస్టమ్ రిఫరెన్స్ డాక్యుమెంట్ 5.2 క్రియేటివ్ కామన్స్ లైసెన్స్‌తో ఉచితం. అందులో ఫైటర్ క్లాస్, ఛాంపియన్ సబ్‌క్లాస్, మాస్టరీలు అన్నీ ఉన్నాయి. పాత గేమ్ మధ్యలో ఉన్నవాళ్లు టాక్టికల్ మైండ్, కొత్త ఇండోమిటబుల్ ఈ రెండూ తెచ్చుకుని ఆడి చూడండి. మిగతావి తర్వాత.

చాలా గ్రూపుల్లో "నువ్వు కొత్త కదా, ఫైటర్ తీసుకో, ఈజీగా ఉంటుంది" అంటాం. ఆ కొత్త మనిషికి రెండో సెషన్‌కి బోర్ కొడితే మూడోదానికి రారు. వాళ్లు మళ్లీ రావాలంటే వాళ్ల టర్న్‌లో ఆలోచించడానికి ఏదో ఒకటి ఉండాలి. ఈ రూల్స్ అది ఇచ్చాయి.

మీ ఫైటర్ మొదటి మూడు మాస్టరీలు ఏవి తీసుకుంటారో కామెంట్స్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో బార్బేరియన్. ఉంటా మరి, బై.