వాకిట కారు, దూరాన బస్సు

నగరపు అంచున ఇల్లు కట్టుకొన్న గృహస్థునకు మొదట కలుగు చింత వాహనమును గూర్చినదే. కార్యాలయము దూరము, బడి దూరము, బజారు దూరము. బస్సు ఎక్కవలెనన్న పావుగంట నడవవలెను. కారు మాత్రము వాకిటనే యుండును. ఈ రెంటిలో ఆతడు దేనిని ఎంచుకొనునో చెప్పుటకు జ్యోతిష్కుడు అక్కరలేదు. కావున కారుపై ఆధారపడుటను జనుల సోమరితనముగా నెంచుటకంటె, ఊరి నిర్మాణమునందలి లోపముగా నెంచుట న్యాయమని మేము తలంచుచున్నాము.

ఈ సంగతిని గుర్తెరిగి కట్టిన పేట యొకటి జర్మనీదేశమున కలదు. ఆ దేశపు నైరుతి మూలనున్న ఫ్రైబుర్గ్ నగరమునకు దక్షిణమున, నగరమధ్యమునుండి సుమారు 3 కిలోమీటర్ల దూరమున, వోబాన్ అను శివారు పేట యున్నది. పూర్వమది ఫ్రెంచి సైన్యపు విడిది. 1992లో సైన్యము తరలిపోగా, దాదాపు 40 హెక్టార్ల ఆ నేలపై క్రొత్త పేటను నిర్మింప నగరపాలకులు పూనుకొనిరి. పౌరులును సంఘముగా నేర్పడి ప్రణాళికా రచనలో పాల్గొనిరి. నేడచ్చట 5,000కు పైగా జనులు నివసించుచున్నారు.

అచ్చట కార్లను నిషేధింపలేదు. వాటి తావును మార్చిరి. పెక్కు వీధులలో ఇంటిముందు కారు నిలుపుటకు చోటు లేదు. సామాను దింపుకొనుటకు రావచ్చును; అదియు మనిషి నడక వేగముననే. పిదప దానిని పేట అంచుననున్న అంతస్తుల గ్యారేజీలో ఉంచవలెను. ఆ స్థలమును కారు యజమాని వేల యూరోలిచ్చి ప్రత్యేకముగ కొనవలెను. కారు లేనివారు ఆ మాట వ్రాసియిచ్చి, ఈ వ్యయమును తప్పించుకొందురు. ఇతరత్ర ఇంటి వెలలో కలిసిపోయి కనబడని కారు ఖర్చు ఇచ్చట తేటతెల్లమగును.

2006లో ట్రాము మార్గము పేట నడుమకు వచ్చెను. కారు దూరమైనది, ట్రాము దగ్గరైనది. బడియు అంగళ్లును నడకదూరముననే యున్నవి. వీధులు పిల్లల ఆటపాటలకు దక్కినవి. చిక్కులు లేకపోలేదు, కొందరు తమ కార్లను ప్రక్క పేటలలో నిలుపుచున్నారని ఫిర్యాదులు వచ్చినవి. అయినను ఏర్పాటు నిలిచినది.

మన హైదరాబాదు నగరమున 2017 నవంబరులో మెట్రోరైలు మియాపూరు, నాగోలుల నడుమ నడువ నారంభించెను. 2020 నాటికి మూడు మార్గములు కలిపి సుమారు 69 కిలోమీటర్లైనవి. స్టేషను చేరినవానికి ప్రయాణము సుఖమే. కాలనీనుండి స్టేషనుకు పోవు దారి మాటయేమి? పెక్కుచోట్ల కాలిబాటయే లేదు. ఉన్నచోట దానిపై వాహనములో, దుకాణపు సామానులో యుండును. బండి నడుపలేని వృద్ధులు, బాలబాలికలు, యజమాని కారు తీసికొని పోయిన పిదప ఇంట మిగిలిన ఇల్లాండ్రు, వీరందరును ఒకరి తీరికకై వేచియుండవలసినదే. కోట్లు వెచ్చించి వేసిన రైలుమార్గము వారికి వీధి చివరనే అందకుండ పోవుచున్నది.

వోబాన్ పేటను ఇచ్చట యథాతథముగ నెలకొల్పుట సాధ్యము కాదు. కాని కాలనీ సంఘములవారు రోడ్డు వెడల్పును గూర్చి అర్జీ వ్రాయుటకు ముందు ఒక చిన్న పరీక్ష చేయవచ్చును. ఒక అవ్వ, ఎనిమిదేండ్ల మనుమని చేయిపట్టుకొని, భయము లేక బస్సు నిలుచు చోటికి నడచి పోగలదా? పోలేనిచో, ఆ కాలనీకి మొదట కావలసినది ఆ కాలిబాటయే.